మా గుమ్మం, రాజమండ్రి కలప



మొన్న మా పాత పెంకుటిల్లు విప్పాం. సింహద్వారం టేకు గుమ్మం చెక్కు చెదరకుండా వచ్చింది. సాయంత్రానికే పాత కలప కొనేవాడు బేరానికి దిగాడు. అది స్వాతంత్ర్యానికి ముందు మా తాతయ్య రాజమండ్రిలో కొన్నది.

ఇప్పటి పిల్లలకి రాజమండ్రి అంటే పుష్కరాల రేవు, రైలు బ్రిడ్జి. మా తాతయ్య లాంటోళ్ళకి మాత్రం అది కలప ఊరు. పైన పాపికొండల అడవుల్లో కొట్టిన దుంగల్ని, వెదురుని తెప్పలు కట్టి వదిలితే గోదారే మోసుకొచ్చేది. పచ్చి టేకు నీళ్ళలో మునుగుతుంది, అందుకని దుంగకి వెదురు కట్టలు కట్టేవారని తాతయ్య చెప్పేవాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కదా, మన చేలకి నీళ్ళిచ్చే కాలవల్లోనే పడవలూ తిరిగేవి. మా గుమ్మం ఊరికి చేరింది కూడా పడవ మీదేనట.

మరి ఆ అడవిలో బతికినోళ్ళ సంగతేంటి? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తరతరాలుగా పోడు చేసుకున్నోళ్ళకి తమ అడవిలోనే ఆంక్షలు. 1922లో కొండ జనం అల్లూరి వెంట నడిచారంటే ఆ కడుపుమంట కూడా ఒక కారణం. కలప మనకొచ్చింది, డబ్బు పట్నానికొచ్చింది. చెట్టు పక్కన బతికినోడికి ఏం మిగిలింది?

ఇప్పుడు గోదాట్లో ఆ తెప్పలు లేవు. రాజమండ్రి కాగితం మిల్లుకి కర్ర లారీల మీద పోతోంది. సుబాబుల్, సరుగుడు, జామాయిల్, అన్నీ మన మెట్ట చేలల్లోవే. అంటే ఆ కొండోళ్ళ జాగాలో ఇప్పుడు మనం నిలబడ్డాం అండి.

నాకు మెట్టలో రెండెకరాల సుబాబుల్ ఉంది. పోయినసారి తొందరపడి ముందే కొట్టించేశాను. లారీ మూడు రోజులు ఆలస్యం. కర్ర ఆరింది, తూకం తగ్గింది. కొట్టిన కర్రని మళ్ళీ నిలబెట్టలేం, కాబట్టి దళారీ చెప్పిన రేటుకే ఇచ్చేశాను.

అయితే ఒక తేడా ఉంది. కొండోళ్ళకి చెట్టు మీద హక్కు లేకుండా చేశారు. మనకి హక్కుంది. రేటు తేలకుండా, లారీ ఖాయం కాకుండా గొడ్డలి పెట్టొద్దు. పక్క రైతులతో మాట్లాడుకుని ఒకేసారి కొట్టించండి. ఈసారి నేను అదే చేస్తున్నాను.

గుమ్మం మాత్రం అమ్మలేదు. కొత్తింటికీ అదే పెడుతున్నాం.

మీ ఊళ్ళో కర్ర ఎలా అమ్ముతున్నారో కింద రాయండి. నలుగురికీ పనికొస్తుంది.