దుబాయిలో జమ్మి చెట్టు

చిన్నప్పుడు నాకు దుబాయి అంటే ఓ సెంటు వాసన. మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు. బాపు రెండేళ్లకోసారి వచ్చినప్పుడు ఇల్లంతా అదే వాసన. నైలాన్ తాడుతో కట్టిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో రాసిన పేరు. లోపల పులిబొమ్మ దుప్పటి, టైగర్ బామ్, ఖర్జూరాలు. బాపు 1999 నుంచి 2013 దాకా అక్కడ షట్టరింగ్ పని చేశాడు. ఆ పద్నాలుగేళ్లూ నాకు ఆయన ఎక్కువగా ఫోన్‌లో గొంతే.

ఆయన రాని ఏడాది ఊరికొచ్చేవాళ్ల చేతికి ఏదో ఒకటి ఇచ్చి పంపేవాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఓసారి వచ్చిన సంచిలో ఓ కవరుంది. రిమోట్ కారు అడిగాను కదా, అదేమోనని ఆశగా చింపితే ఎండుటాకులు! ఏడ్చేశాను. అమ్మ మాత్రం వాటిని దేవుడి పటం దగ్గర పెట్టింది.

ఇప్పుడు నాకు 28. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. 2024లో మా కంపెనీ క్లయింట్ పని మీద నన్ను మూడు నెలలు దుబాయి పంపింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బాపు ఒక్క మాటే అన్నాడు.

"పాస్‌పోర్టు ఎవ్వలకియ్యకు బిడ్డా."

నవ్వేశాను. "బాపు, నేను పోయేది ఆఫీసుకు. నా పాస్‌పోర్టు ఎవడు తీసుకుంటడు?"

ఆయన నవ్వలేదు.

దసరా అయిన తర్వాతి వీకెండ్ మా టీమ్‌లోని విజయవాడ ఫ్రెండ్ ఎడారి ట్రిప్ బుక్ చేశాడు. ఇసుక దిబ్బల మీద కారు ఎగరేసి, రాత్రి బెల్లీ డాన్స్ చూపించే మామూలు సఫారీ కాదు. అసలు ఎమిరాతీలు ఎలా బతికారో చూపించే హెరిటేజ్ ట్రిప్ అన్నాడు. మనిషికి 600 దిర్హమ్‌ల పైనే. డబ్బు పంపుతుంటే వేలు ఓ క్షణం ఆగింది. దుబాయిలో బాపు మొదటి నెల జీతం సరిగ్గా 600 దిర్హమ్‌లు. అమ్మ ఆ అంకె ఎన్నిసార్లు చెప్పిందో! అయినా పే నొక్కేశాను.

1950ల నాటి ల్యాండ్ రోవర్. పైకప్పు లేదు, ఏసీ లేదు. తలకు గుడ్డ చుట్టి, దుబాయి ఎడారి సంరక్షణ ప్రాంతంలోకి మెల్లగా తీసుకెళ్లారు. 225 చదరపు కిలోమీటర్లు ఉంటుంది ఆ అడవి. అవును, అడవే. ఇసుక తప్ప ఏమీ ఉండదనుకున్న నాకు గైడ్ పాము జారిన గుర్తులు చూపించాడు. కాసేపటికి తెల్లటి జింకలాంటివి, పొడవాటి నిటారు కొమ్ములతో కనిపించాయి. అవి అరేబియన్ ఒరిక్స్‌లు. 1972 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదట. జూలలో బతికున్నవాటి సంతానాన్ని పెంచి, మళ్లీ ఎడారుల్లోకి వదిలారు.

తర్వాత డేగ ఆట. డేగ తలకు చిన్న తోలు టోపీ తొడిగి ఉంది. టోపీ తీయగానే ఆకాశంలోకి లేచి, గైడ్ తాడుకు కట్టి తిప్పుతున్న ఎర మీదికి బాణంలా దిగింది. ఒకప్పుడు బెదూయిన్లకు ఇది సరదా కాదు, కూర. చలికాలం వలస వచ్చే పక్షుల్ని డేగలతో పట్టించి తినేవాళ్లు. ఈ విద్యను యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

"ఇక్కడ డేగలకి పాస్‌పోర్టు కూడా ఉంటుంది. విమానంలో సీటు మీద కూర్చుని వెళ్తాయి" అన్నాడు గైడ్. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

బాపు పాస్‌పోర్టు ఆయన పనిచేసిన కంపెనీ ఆఫీసు బీరువాలో ఉండేది. అలా తీసి పెట్టుకోవడం అక్కడి రూల్స్ ప్రకారమే తప్పు. అడిగే దమ్ము ఎవరికుంది? నానమ్మ చనిపోయినప్పుడు ఆ పాస్‌పోర్టు చేతికి రావడానికి రోజులు పట్టింది. బాపు ఇంటికి చేరేసరికి పదకొండో దినం కూడా అయిపోయింది. అప్పుడు నేను ఆరో తరగతి. వచ్చినాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఒక్క మాట లేదు. ఎయిర్‌పోర్టులో ఆయన ఎందుకు నవ్వలేదో నాకు ఆ ఎడారిలో అర్థమైంది.

చీకటి పడే వేళకి క్యాంపుకి చేరాం. మేక వెంట్రుకలతో నేసిన గుడారం, కింద తివాచీలు, దిండ్లు. ఓ ముసలాయన గహ్వా పోశాడు. మన ఫిల్టర్ కాఫీ ఊహించుకోకండి. పాలు, చక్కెర ఉండవు. ఏలకుల వాసనతో పసుపు రంగు కషాయంలా ఉంటుంది, పక్కన ఖర్జూరం. ఎడమ చేత్తో కూజా పట్టి, కుడి చేత్తో చిన్న కప్పు అందించాలి. కప్పులో అడుగున కొంచెమే పోస్తారు. నిండుగా పోస్తే ఇక బయల్దేరమని అర్థం. చాలు అనాలంటే కప్పు అటూ ఇటూ ఊపాలి. నాకు తెలీక నాలుగు కప్పులు తాగాను. ఆయన నవ్వుతూ హిందీలో అన్నాడు, "బేటా, హిలావో!"

మా తరం చాలామందికి హిందీ వచ్చు, బొంబాయి మాకు పక్కూరు లాంటిది అన్నాడు. వాళ్ల నాన్న ముత్యాల కోసం సముద్రంలో దూకేవాడట. ఎండాకాలం నాలుగు నెలలు పడవ మీదే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట. సీజన్‌కి ముందే అప్పు తీసుకోవాలి, ముత్యాలు దొరక్కపోతే ఆ అప్పు మరుసటి ఏడాదికి. తండ్రి పోతే కొడుకు మీదికి. 1930లలో జపాన్ పెంపకం ముత్యాలు వచ్చి ఆ వ్యాపారమే కూలిపోయింది. అప్పటికి ఇక్కడ చమురు లేదు, ఈ దేశమూ లేదు. 1971లోనే కదా దేశమైంది.

"అప్పుడు మా జేబుల్లో ఏ డబ్బులుండేవో తెలుసా? మీ రూపాయలే" అన్నాడు.

నిజమే. 1959లో మన రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చేసింది. 1966 దాకా అక్కడ అవే నడిచాయి. దిర్హమ్ వచ్చింది 1973లో. ఆయన తండ్రి అప్పు చేసి సముద్రంలో దూకాడు. మా బాపు ఏజెంటు కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి విమానమెక్కాడు. ఆయన మనవలు ఇప్పుడు పెద్ద కార్లలో తిరుగుతారు. నేను ఆయన గుడారంలో లుకైమాత్ తింటున్నాను. ఖర్జూరం పాకం పోసిన మన బూరెల్లాంటి ఉండలవి. నాకు ఆయన మీద కోపం రాలేదు. కంపెనీ బీరువా మీద కోపం మాత్రం పోలేదు.

గుడారం పక్కనే ఓ చెట్టు. ఆ ఇసుకలో అంత పచ్చగా ఎలా ఉందో! "ఘాఫ్. మా జాతీయ వృక్షం" అన్నాడు ముసలాయన. వేళ్లు చాలా లోతుకు పోయి నీళ్లు వెతుక్కుంటాయట. ఒంటెలకు మేత, మనుషులకు నీడ. 2019ని ఆ దేశం సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నది ఈ చెట్టునే. కొమ్మ విరిచినా నేరమే. ఆకులు ఎక్కడో చూసినట్టుంటే గూగుల్ లెన్స్ పెట్టాను. ప్రోసోపిస్ సినరేరియా. తెలుగులో, జమ్మి.

జమ్మి! మన తెలంగాణ రాష్ట్ర వృక్షం. దసరా రోజు చేతుల్లో పెట్టుకుని 'బంగారం' అని ఇచ్చిపుచ్చుకునే ఆకు. ఏదో కనిపెట్టినోడిలా ఫొటో తీసి, సిగ్నల్ రాగానే బాపుకి వాట్సాప్‌లో పంపాను. "ఇది ఏం చెట్టో చెప్పు చూద్దాం!"

అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు. రెండు నిమిషాల్లో బోటిమ్‌లో కాల్ వచ్చింది.

"జమ్మి గదరా. గీడ ఘాఫ్ అంటరు."

"నీకెట్ల తెలుసు బాపు?"

"తెల్వకపోవుడేంది? సోనాపూర్ క్యాంపుల ఉన్నప్పుడు దసరాకు మన ఊరోళ్లమంత వెతుక్కుంట పోయినం. బయట ఇసుకల ఒకటి దొరికింది. పోలీసులు చూస్తరేమోనని భయం. రెండు రెమ్మలు తెంపినం. రూముల అందరం బంగారం ఇచ్చుకున్నం. మిగిలిన ఆకు కవర్ల పెట్టి ఊరికొచ్చేటోనికిచ్చి మీకు పంపిన. రాలేదా?"

గొంతు పెగల్లేదు. వచ్చింది బాపు. వస్తే నేను రిమోట్ కారు కాదని ఏడ్చాను.

"నాకెప్పుడు చెప్పలేదేంది?" అన్నాను చివరికి.

"నువ్వెప్పుడడిగినవ్?"

అదీ నిజమే. ఎంత సంపాదించాడని ఊరంతా అడిగింది. ఎలా ఉన్నాడని నేను కూడా అడగలేదు. దుబాయి గురించి నాకు తెలిసిందంతా అట్టపెట్టెలో వచ్చినదే.

ఆ రాత్రి గంటన్నర మాట్లాడాడు. 45 డిగ్రీల ఎండలో సెంట్రింగ్ రేకు చేతికి అంటుకోవడం, పన్నెండు మంది గదిలో వంతులవారీ వంట, నానమ్మ పోయినప్పుడు బాత్రూంలో నల్లా తిప్పి ఏడవడం. తను పనిచేసిన ఓ బిల్డింగ్ ఆనవాళ్లు చెప్పి, ఇంకా ఉందా అని అడిగాడు. మర్నాడు ఆఫీసయ్యాక మెట్రోలో వెళ్లి వెతికాను. ఉంది. కింద నిలబడి వీడియో కాల్ చేస్తే బాపు ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏడో అంతస్తు బాల్కనీ సూపియ్. గది నేను పోసిందే" అన్నాడు.

జూమ్ చేశాను. ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి.