చీమిడి హీరో, పసుప్పచ్చ క్యాసెట్

మా మేనల్లుడికి ఈ మధ్య 'ఒరిజినల్' జబ్బు పట్టుకుంది. ఫోన్‌లో బూగర్‌మ్యాన్ ఆడుతున్నాడు. 1994లో ఇంటర్‌ప్లే కంపెనీ సెగా మెగాడ్రైవ్‌కి తెచ్చిన ఆట. ముక్కులోంచి చీమిడి పక్కులు తీసి శత్రువుల మీదికి విసురుతాడు హీరో. అది చాలకపోతే తేన్పు, అదీ చాలకపోతే వెనకనించి గాలి. మిరపకాయ తిన్నాడంటే ఆ గాలికి నిప్పంటుకుంటుంది. కృష్ణకి ఈ ఒడ్డున పచ్చళ్లు తిని పెరిగినవాళ్లకి ఇందులో కల్పనేమీ కనపడదు.

ఇదే ఆటని లైసెన్సూ గిసెన్సూ లేకుండా ఇంకో గేమ్ మిషన్ ఫ్యామికామ్‌కి దించిన నకలు ఒకటుంది. అది చూసి మావాడు "ఛీ, ఫేక్ మావయ్యా" అన్నాడు. తెరనిండా చీమిడి చూస్తే రాని రోత నకలు చూస్తే వచ్చింది!

నాకు మండింది. మెగాడ్రైవ్ తెర మీద 61 రంగులు పలుకుతాయి, ఫ్యామికామ్‌లో 25. అక్కడ ర్యామ్ 64 కిలోబైట్లు, ఇక్కడ 2. ఒకే అడ్డవరసలో ఎనిమిది బొమ్మముక్కలు దాటాయా, తొమ్మిదోది మాయం. అందుకే గుంపు చేరినచోటల్లా బొమ్మలు మినుకుమంటాయి. పైగా రెండింటి చిప్పులూ వేరు జాతులు. కోడు ఎత్తుకొచ్చినా నడవదు, కూచుని మళ్లీ మొదట్నించీ రాసుకోవాల్సిందే. దొంగే, కాదనను. కానీ పనిమంతుడు.

అసలు బెజవాడలో మా ఈడువాళ్లం ఒరిజినల్ చూసిందెక్కడ? మారియో అయినా కాంట్రా అయినా బీసెంట్ రోడ్డు పసుప్పచ్చ నకలు క్యాసెట్‌లోంచే మా ఇంటికొచ్చాయి. ఒకదాని మూత విప్పితే అరచేతిలో సగం లేని ఆకుపచ్చ బోర్డు, మధ్యలో తారు బొట్టులా గట్టిపడ్డ నల్లటి ముద్ద. చిప్పు దాని కిందే. మిగతా డబ్బా అంతా ఖాళీ.

ఖాళీ అంటే గుర్తొచ్చింది, మాకు '9999 ఇన్ 1' అంటగట్టిన షాపాయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు. పట్టుమని పది ఆటలుంటే ఒట్టు! తక్కినవన్నీ అవే, ఒకటి రెండో లెవెల్లో మొదలవుతుంది, ఇంకోటి మూడో లెవెల్లో. వెళ్లి నిలదీస్తే, "లెక్కపెట్టుకో బాబూ, ఒక్కటి తగ్గినా డబ్బులు వాపస్" అన్నాడు. నాన్నగారు నన్నొదిలేసి ఆయనతో కలిసి నవ్వారు. ఆ నవ్వు మరీ బాధ.

అవనిగడ్డలో పెదనాన్నగారైతే క్యాసెట్ గుమ్మం దాటనిచ్చేవారు కాదు. వీడియోగేమ్ ఆడితే పిక్చర్ ట్యూబ్ కొట్టేస్తుందని ఆయన గట్టి నమ్మకం. ఆయన పొలానికి వెళ్లాక మేం వైర్లు తగిలించడం, కాంట్రా సరిగ్గా జలపాతం దగ్గరికొచ్చేసరికి కరెంటు పోవడం. చివరికి ఆ ట్యూబ్ పోయింది. మేం అక్కడ లేని శీతాకాలంలో, పెద్దమ్మ సీరియల్ చూస్తుండగా. అయినా ఆ పద్దు మా ఖాతాలోనే రాశారు.