సైబర్ టవర్స్ దారిలో పాత పద్మిని

మాదాపూర్ బండరాళ్ళ నడుమ 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ దారుల్లో ఇప్పుడు సాయంత్రమైతే చాలు, కార్లు చీమల బారులా కదులుతాయి. పాత కారుకు అసలు పరీక్ష అక్కడే!

మా ప్రీమియర్ పద్మిని మైండ్‌స్పేస్ దాటేలోగా ఆగిపోయేది. అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయలుదేరేది. మా అత్తగారిని డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు గచ్చిబౌలి తీసుకువెళ్ళేది అందులోనే. దుర్గం చెరువుపై 2020లో తెరిచిన తీగల వంతెన మీద ఒకరోజు బండి ఆగి, వెనుక హారన్లు మ్రోగుతుంటే, "నా మూలంగానే మీకీ తిప్పలు" అన్నారామె. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

పెట్రోలు లోపమని పలువురన్నారు. కొండాపూర్‌లోని ఒక పెద్దవయసు మెకానిక్ మాత్రం, "వేడి మీదుండగానే చూడాలమ్మా" అంటూ మాతోపాటు ఎక్కి కూర్చున్నారు. బండి ఆగగానే ఒక ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టించారు. నిప్పురవ్వ పసుపుపచ్చగా, నీరసంగా వచ్చింది. డిస్ట్రిబ్యూటరు పక్కనుండే బొటనవేలంత కండెన్సరు వేడికి లోలోపల దెబ్బతిని, పాయింట్లను కూడా కాల్చివేసిందట. రెండూ మార్చారు. ఇంజనును బాడీతో కలిపే ఎర్త్ తీగ విప్పి, తుప్పు గీకి బిగించారు.

నత్తనడకలో గాలి తగలక ఇంజను కాగిపోతుంది. ఇంజను నెమ్మదిస్తే బ్యాటరీకి చేరే కరెంటూ తగ్గుతుంది. ఆపైన లైట్లు, వైపర్లు! ఊరి బయటి రోడ్డుపై దాగిన జబ్బు ఇక్కడ బయటపడేది అందుకే.

ఇప్పుడు మా డిక్కీలో స్టెప్నీ పక్కన ఒక కండెన్సరు, ఒక జత పాయింట్లు ఉంటున్నాయి. రాణీగంజ్ దుకాణాల్లో కనబడినప్పుడే రెండేసి కొనుక్కుంటున్నాము.