మాచర్ల వస్తే ఎక్కడ దిగాలి?

మాచర్ల పేరు చెప్పగానే చాలామందికి అది దిగే ఊరని తోచదు. నాగార్జునసాగర్ వెళ్తూ బస్సు ఆగితే టీ తాగే ఊరు అనుకుంటారు. పేపర్ల పుణ్యమా అని, సినిమాల పుణ్యమా అని కొందరికి కత్తులూ కొట్లాటలూ గుర్తొస్తాయి. ఇరవై మూడేళ్ళుగా ఇక్కడ కాపురం చేస్తున్నదాన్ని, నా మాట నమ్మండి. చెన్నకేశవస్వామి గుడి, ఎత్తిపోతల, నాగార్జునకొండ, కారెంపూడి వీరుల గుళ్ళు, ఇవన్నీ మాచర్లలో రెండు రాత్రులు ఉండి నింపాదిగా చూసుకోవచ్చు. తిప్పలన్నీ ఎక్కడ దిగాలన్న దగ్గరే వస్తాయి.

మగవాళ్ళని అడిగితే "బస్టాండు దగ్గర ఏదో ఒకటి చూద్దాంలే" అంటారు. రాత్రి దిగి, పొద్దున లేచి వెళ్ళిపోయే మనిషికి అది సరిపోతుంది. మనతో మోకాళ్ళ నొప్పుల అత్తగారూ, చంటిపిల్లాడూ, తడి బట్టల సంచీ ఉంటాయి. కాబట్టి మనవాళ్ళలో అందరికన్నా తక్కువ నడవగలిగే మనిషి ఎవరో ముందు చూసుకోండి. ఆ మనిషి ఈ ఊరికి దేనికోసం వస్తున్నారో, దానికి దగ్గరగా దిగండి. మిగిలినవాళ్ళు ఎక్కడినుంచైనా తిరగగలరు.

మా చెల్లెలి కూతురు పోయినేడాది మొగుడితో వియత్నాం వెళ్ళింది. అక్కడ హోయ్ ఆన్ అని చిన్న ఊరు. 1999లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చారు. పాత ఊరు ఒకచోట, సముద్రపు ఒడ్డు నాలుగైదు కిలోమీటర్ల అవతల. ఎక్కడ దిగాలా అని ఇద్దరూ నెల్లాళ్ళు వాదులాడుకున్నారు. "పిచ్చిపిల్లా, మనూరికీ అదే లెక్క కదే! గుడి దగ్గరా, సాగర్ ఒడ్డునా అని" అన్నాను. నవ్వింది గానీ, నిజం అంతే.

ముందు గుడి వైపు సంగతి చెప్తాను. చెన్నకేశవస్వామి గుడి చంద్రవంక ఒడ్డున ఉంది. పల్నాటి బ్రహ్మనాయుడు పేరుతో ముడిపడిన గుడి. గురజాల నలగామరాజుకి మిగిలితే, మలిదేవుడి కోసం బ్రహ్మనాయుడు మాచర్లని రాజధాని చేశాడని మన వీరగాథ. అన్ని కులాలవాళ్ళనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు కథ మీరంతా విన్నదే. వంటింట్లో ఉండే మనకి ఆ యుద్ధం కన్నా ఆ భోజనమే ఎక్కువ గుర్తుంటుందేమో!

ఆ గుడి చుట్టుపక్కల పాత ఊరు. ఇరుకు సందులు, నాపరాళ్ళ అరుగులు, పొద్దున్నే కళ్ళాపి చల్లిన వాకిళ్ళు. పెద్దవాళ్ళని దర్శనానికి తెచ్చినవాళ్ళు ఈ వైపే, లేదా నడిచి వెళ్ళే దూరంలోనే దిగాలని నా అభిప్రాయం. గదులు కాస్త పాతగానే ఉండనివ్వండి. తెల్లారి స్నానం చేసి, మడి బట్టలతో ఆటో వెతుక్కోకుండా గుడికి నడిచి వెళ్ళడంలో ఉన్న సుఖం ఏసీలో లేదు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున దర్శనం అయ్యాక గదికొచ్చి నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి స్తంభాల మీది బొమ్మలు తీరిగ్గా చూడొచ్చు. దూరంగా దిగినవాళ్ళకి ఆ రెండో దర్శనం ఉండదు. "ఇంకేం వెళ్తాంలే" అంటారు.

అయితే చైత్ర పౌర్ణమికి స్వామివారి కల్యాణం, తిరునాళ్ళు జరుగుతాయి. ఆ రోజుల్లో ఇదే పాత ఊళ్ళో మైకుల హోరు, జనం, దుమ్ము. నిద్ర తేలిగ్గా చెదిరే మనిషి ఉంటే ఆ కొద్దిరోజులూ కాస్త దూరంగా ఉండడమే మేలు.

బస్టాండు దగ్గర సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. టిఫిను, మందుల షాపు, ఆటో అన్నీ అందుబాటులో ఉంటాయి. రాత్రంతా బస్సుల హారన్లూ అందుబాటులోనే ఉంటాయి. రోజుకొక వైపు తిరగాలనుకునేవాళ్ళకి ఇదే నయం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా! ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే కారు మాట్లాడుకోకుండానే చాలా ఊళ్ళు చుట్టొచ్చు. గది తీసుకునేటప్పుడు రోడ్డు వైపుది కాకుండా వెనక వైపుది అడగండి. కింద మందు దుకాణం గానీ ఉందేమో ఒకసారి చూసుకోండి. ఒంటరిగా ఆడవాళ్ళే వస్తే మరీ ముఖ్యం.

రైల్వేస్టేషను వైపు దిగమని నేను ఎవరికీ చెప్పను. గుంటూరు నుంచి నడికుడి మీదుగా వచ్చే పట్టాలు మాచర్లతో అయిపోతాయి. రైళ్ళు కొన్నే. పొద్దున బండి అందుకోవాలంటే తప్ప ఆ వైపు పనేముంది?

ఇక సాగర్ రోడ్డు వైపు. ఊరు విశాలంగా ఉంటుంది, గాలి ఆడుతుంది, కారు పెట్టుకోవడానికి చోటుంటుంది. హైదరాబాదు నుంచి సొంత కారులో వచ్చే చిన్న కుటుంబాలకి బాగుంటుంది. పొద్దున బయల్దేరితే ఊళ్ళో ఇరుక్కోకుండా నేరుగా ఎత్తిపోతల దారి పట్టొచ్చు.

మాచర్లలో ఎక్కడ దిగినా సరే, డబ్బు కట్టేముందు గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పండి. మాది సున్నపురాయి నేల. బోరు నీళ్ళు ఉప్పగా, బరువుగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు జిగటగా అతుక్కుంటుంది. ఆ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకులాగే ఉంటుంది. చంటిపిల్లల పాలకీ, తాగడానికీ మంచినీళ్ళ క్యాను తెప్పించుకోండి. గదిలో చిన్న కరెంటు కుక్కర్లో అన్నం పప్పూ వండుకునే అలవాటున్నవాళ్ళు పప్పుని క్యాను నీళ్ళతోనే రెండు గంటలు నానబెట్టుకుంటే గొడవ ఉండదు.

రెండోది ఎండ. రాష్ట్రంలో ఎండ మండిపోతోందని వార్త వస్తే అందులో రెంటచింతల పేరు ఉండాల్సిందే. అది మా పక్కూరే. మార్చి దాటాక వచ్చేవాళ్ళు పై అంతస్తు గది చౌకగా వస్తోందని ఒప్పుకోకండి. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. కింది అంతస్తులో, రెండు కిటికీలున్న గది చాలు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మెట్లూ తప్పుతాయి. మరుగుదొడ్డి కుర్చీలాంటిదో కాదో కూడా అడగండి. ఇందులో సిగ్గెందుకు? అడక్కపోతే మూడు రోజులూ బాధపడేది మన అత్తగారే.

ఇప్పుడు అసలు విషయం. "లాడ్జీలెందుకు, చుట్టాలున్నారుగా!" అంటారు కదూ? ఇది రాస్తే మావాళ్ళు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. అయినా రాస్తాను. మా ఇల్లు గుడికి అయిదు నిమిషాల నడక. తిరునాళ్ళు వచ్చాయంటే మా తోడికోడలికీ నాకూ నాలుగు గంటలకే పొయ్యి వెలగాలి. వచ్చినవాళ్ళకి కాఫీలు, టిఫిన్లు, గోంగూర పచ్చడి, జొన్నరొట్టెలు. "పల్నాడు వచ్చి జొన్నరొట్టె తినకుండా వెళ్తామా వదినా!" అని ఒకరు అనగానే ఇరవై రొట్టెలు తట్టాలి. వాళ్ళంతా కల్యాణం చూసి వచ్చి ఎంత బాగుందో చెప్పేవారు. ఆ ఇంటి ఆడవాళ్ళం మేము, స్వామి గుమ్మానికి ఆమడ దూరంలో లేనివాళ్ళం, వరసగా ఆరేళ్ళు కల్యాణం చూడలేదు. మా తోడికోడలు ఒకసారి రొట్టె తడుతూనే మైకులో మంత్రాలు వింటూ కళ్ళు తుడుచుకుంది. పొగ అంది. గ్యాసు పొయ్యికి పొగేమిటి?

ఆ తర్వాతి ఏడు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఫోను చేసినవాళ్ళకి "రండి, తప్పకుండా రండి. పడకకి గది చూసిపెడతాను. ఒక్క పూట మాత్రం మా ఇంట్లోనే భోజనం" అని చెప్పడం మొదలుపెట్టాం. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. మావారు కూడా రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ ఏడు మా తోడికోడలు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని తలంబ్రాలు చూసింది.

వచ్చే ఆడవాళ్ళకీ ఇందులో లాభమే ఉంది. చుట్టాలింట్లో దిగిన కోడలు ఊరికే కూర్చోగలదా? కూరలు తరుగుతుంది, గిన్నెలు కడుగుతుంది. మీ ఇంటి వంటగది తాళం వేసి నూట పాతిక కిలోమీటర్లు వచ్చింది మా వంటగదిలో నిలబడడానికా? ఒంట్లో బాగాలేని మనిషినో, బాలింతనో తెస్తే మాత్రం మొహమాటపడకండి, నేరుగా ఇంటికే రండి. అలాంటప్పుడు చుట్టం కాకపోతే ఇంకెవరు?

పిల్లలున్నవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. ఒక రాత్రి మాచర్లలో, రెండో రాత్రి సాగర్ వైపు. గుడి పక్కన పారే చంద్రవంకే నక్కవాగు, తుమ్మలవాగులతో కలిసి ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. సాగర్‌కి 11 కిలోమీటర్లు ఇవతలే. అక్కడ టూరిజం వాళ్ళ గదులున్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. వానలు పడ్డాక ఆ నీటి చప్పుడు వింటూ నిద్రపోవడం పిల్లలు మర్చిపోరు. కాకపోతే చీకటి పడ్డాక అక్కడ కొట్లూ, డాక్టరూ ఉండరు. పాలు, మందులు, కొవ్వొత్తి మాచర్లలోనే కొనుక్కోండి. కింది గుళ్ళకి మెట్లు దిగాలి కాబట్టి పెద్దవాళ్ళని పైనే కూర్చోబెట్టండి. మడుగులో మొసళ్ళుంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

నాగార్జునకొండకి లాంచీ విజయపురి సౌత్ నుంచి కదులుతుంది. అదే మీ ముఖ్యమైన పనైతే ముందు రాత్రి అక్కడే దిగితే పొద్దున మొదటి లాంచీకి తీరిగ్గా వెళ్ళొచ్చు. ఆనకట్ట కడుతుంటే మునిగిపోతాయని తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలెన్నో ఆ దీవి మీది మ్యూజియంలో ఉన్నాయి. శుక్రవారం దానికి సెలవు. ఇది తెలియక శుక్రవారం వచ్చి ఉసూరుమని వెనక్కి వెళ్ళేవాళ్ళని ఎంతమందిని చూశానో! గాలీ నీరూ బాగాలేకపోతే లాంచీలు ఆపేస్తారు కాబట్టి బయల్దేరేముందు ఫోను చేసి కనుక్కోండి.

కారెంపూడికి మాత్రం వేరేగా గది వెతుక్కోనక్కర్లేదు, సుమారు 30 కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరారాధన అయిదు రోజులూ లెక్క వేరు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొకటి జరుగుతుంది. చూడదగ్గదే, కానీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ఆ రోజుల్లో వచ్చేటట్టయితే మాచర్లలోనే దిగండి, గది నెల ముందే చెప్పి పెట్టుకోండి. మందపోరు నాటి భోజనానికి మా ఇంటికి రావచ్చు. రొట్టెలు తట్టడానికి మాత్రం మీరూ ఒక చెయ్యి వెయ్యాలి సుమా!