తొలకరి రాత్రి పెనుబల్లి

వైరా, తల్లాడ, కల్లూరు దాటి సత్తుపల్లికి పోయే రోడ్డు మీద తగిలే ఊరు పెనుబల్లి. చుట్టూ వరి మళ్లు, మామిడి తోటలు, ఆయిల్‌పామ్. ఒక పక్కన కనకగిరి గుట్టలు. 2016లో జిల్లాలను విడగొట్టినప్పుడు గుట్టల అవతలి చండ్రుగొండ భద్రాద్రి కొత్తగూడెంలో కలిసింది, పెనుబల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది.

వచ్చినవాళ్లు లంకాసాగర్ జలాశయం చూస్తారు, నీలాద్రీశ్వరుడికి మొక్కుకుంటారు. తొలకరి పడ్డ రాత్రి ఇక్కడే ఆగితే ఇంకో వింత కనిపిస్తుంది. వీధి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయి. వాటి కోసం రాళ్ల కిందినుంచి, గోడల పగుళ్లలోంచి గోదురుకప్పలు బయటికొస్తాయి. ఇవి పెద్ద గెంతులు వెయ్యవు. ఓపిగ్గా కూర్చుని, పురుగు అందేంత దూరంలోకి రాగానే నాలుక చాపుతాయి.

గోదురుకప్పకు ఒళ్లంతా నల్లటి మొనలున్న బుడిపెలు, కళ్ల మీద నల్లటి గట్లు. ష్నైడర్ అనే జర్మన్ పండితుడు 1799లోనే దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. 2006లో ఏర్పరచిన దీని ప్రజాతికి ఒడిశా శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద దత్తాఫ్రైనస్ అని పెట్టారు. సముద్ర తీరం నుంచి సుమారు 1,800 మీటర్ల ఎత్తు కొండల దాకా ఇది బతకగలదు. దాని దగ్గరి చుట్టం, 1876లో గుంథర్ అనే శాస్త్రవేత్త వర్ణించిన రాతి కప్ప, అంత సర్దుకుపోయేది కాదు. నున్నటి, చదునైన ఒళ్లున్న ఆ జీవికి దక్కన్ రాతి గుట్టలే కావాలి.

గోదురుకప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్న భయం ఉత్తదే. అవి వైరస్ వల్ల వస్తాయి. అయితే కళ్ల వెనుక గ్రంథుల్లో విషం మాత్రం నిజం. నోట కరిచిన కుక్క నురగ కక్కుతుంది. మన పాముల్లో కొన్ని ఈ విషాన్ని తట్టుకోగలవు. మడగాస్కర్ జంతువులకు ఆ అలవాటు లేదు. 2014లో అక్కడ ఈ కప్ప బయటపడ్డప్పటి నుంచి శాస్త్రవేత్తల ఆందోళన అదే.

వానలు ముఖం చాటేస్తే పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆట ఆడతారు. ఆ ఆదరం గట్టు పక్క గుంటల దాకా రావాలి. ఆడకప్ప జిగురు దారాల్లా వేలకొద్దీ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్లలోనే. నల్లటి తోకకప్పలకు కాళ్లు వచ్చి ఒడ్డెక్కడానికి కొన్ని వారాలైనా పడుతుంది. ఈలోగా గుంట పూడ్చినా, మందు కొట్టిన ట్యాంకు అందులో కడిగినా ఆ ఏటి సంతానం అక్కడే పోతుంది.