వాకిలికి ఒక కంప్యూటరు

గేట్‌వే అనే ఇంగ్లీషు మాటకు తెలుగు మాట కోసం నిఘంటువు తిప్పాల్సిన పని లేదు. వాకిలి అంటే చాలు. బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ ఒక పక్క, ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటర్లు ఇంకో పక్క. నడుమ నిలబడి వచ్చేదాన్నీ పోయేదాన్నీ చూసుకొనే పెట్టే గేట్‌వే. కనెక్షను ఇచ్చేవాళ్ళు గోడకు తగిలించిపోయే పెట్టె చేసేది ఈ పనే. చాలా ఇండ్లకు అదే సరిపోతుంది.

మా ఇంటికి సరిపోలేదు. బర్గూరు బట్టల అంగళ్ళకు పేరు పడిన ఊరని మీకు తెలుసు. మాదీ కింద అంగడి, పైన ఇల్లు, రెంటికీ ఒకే కనెక్షను. బిల్లులు వేసే కంప్యూటరు, ఇంట్లోవాళ్ళ ఫోన్లు, పెండ్లి బట్టలకని వచ్చి గంటలు కూర్చునేవాళ్ళ ఫోన్లు, అన్నీ ఒకే వైఫైలో. "పాస్‌వర్డు చెప్పు పాపా" అని అడిగితే లేదనలేము. అట్లా అని లెక్కల కంప్యూటరు ఉండే గదిలోకే అందరినీ పిలవలేము కదా. మూడింటికీ మూడు గదులు కట్టే పెట్టె ఒకటి చూడమని నాయన నాకు చెప్పినాడు.

మూడు దారులు కనిపించినాయి. మొదటిది, మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్. కొనే ఖర్చు లేదు. కానీ గేట్‌వే రాత్రీ పగలూ నడవాల. అది 60 వాట్లు తాగుతుందనుకున్నా రోజుకు 1.44 యూనిట్లు, రెండు నెలలకు 86 యూనిట్లు దాటుతుంది. మన తమిళనాడులో ఇంటి కరెంటుకు రెండు నెలలకొకసారి వచ్చే బిల్లులో అప్పటికి మొదటి 100 యూనిట్లు ఉచితం. ఆ ఉచితమంతా దానికే పెట్టినట్లవుతుంది.

రెండోది, ఇంటెల్ ఎన్100 ప్రాసెసరు ఉండే మినీ పీసీ. ఆ ప్రాసెసరు 6 వాట్ల రకం. రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉండేవి చూసి కొంటే బయటికొకటి, లోపలికొకటి. వేగమైన కనెక్షను ఉన్నవాళ్ళకు మంచిది. మాది 100 ఎంబీపీఎస్. దానికి అంత డబ్బు పెట్టడం ఎందుకనిపించింది.

మూడోది, అన్న కాలేజీ ప్రాజెక్టుకు కొన్న రాస్‌ప్‌బెర్రీ పై 4. 2019లో వచ్చిన అరచేయంత పలక. నెట్‌వర్క్ పోర్టు ఒకటే, అది దాని లోటు. అయితే వేగమైన యూఎస్‌బీ పోర్టులు రెండున్నాయి. వాటికి రెండు నెట్‌వర్క్ అడాప్టర్లు పెడితే మొత్తం మూడు తీగలు: బయటిదొకటి, అంగడి కంప్యూటరుదొకటి, ఇంటిదొకటి. ఇంటి తీగకు పాత రౌటరు తగిలిస్తే ఇంటి వైఫై అదే చూసుకుంటుంది. పలకలో ఉండే వైఫై బలం తక్కువ. అంగడికి వచ్చేవాళ్ళకు అది చాలు. ఇదే ఎంచుకున్నాము.

దీన్ని నడిపేది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి. లింక్‌సిస్ అనే కంపెనీ ఒక రౌటరును లినక్స్ మీద కట్టి, లైసెన్సు ప్రకారం దాని ప్రోగ్రాము 2003లో అందరికీ ఇవ్వాల్సి వచ్చింది. దాంట్లోంచి 2004లో పుట్టిందే ఇది. ఉచితం.

అన్నీ కుదిరినాయనుకునేటప్పటికి చిన్నాయన అడిగినాడు. "ఏమ్మే, ఎవరు ఏమి చూస్తా ఉండారో దీంట్లో తెలుస్తుందా? రాత్రిపూట చెల్లి ఏమి చూస్తుందో రాసిపెట్టేటట్ల చెయ్యి."

తెలుస్తుంది. వాకిట్లో ఉండే పెట్టెకు మనం ఏ పేజీ చదివినామో సాధారణంగా కనపడదు, ఏ సైటుకు పోయినామో ఆ పేరు మాత్రం కనపడుతుంది. ఆ పేరే చాలు. నెలసరి నొప్పి గురించి వెతికినా, దూరపు ఊర్లో పై చదువుకు దరఖాస్తు చూసినా చిట్టాలో పడుతుంది. అమ్మనే అడగలేక ఫోన్‌ను అడిగిన సంగతి చిన్నాయన చదువుతాడు.

చిన్నాయన భయం ఊరకే వచ్చింది కాదు. అప్పుల యాప్‌లు, మోసపు లింకులు ఆయనా వింటున్నాడు. అందుకే నేనన్నాను: "మోసం సైట్లను అందరికీ ఆపేస్తాను చిన్నాయనా. చిట్టా రాయాలంటే నీ ఫోనుదీ రాస్తాను, నాయనదీ రాస్తాను. అంగడి పలకమీద రోజూ అతికిస్తాను." అవ్వ నవ్వింది. నాయన మాత్రం నోట్ల లెక్క ముగించినాక, "రాయొద్దులే" అన్నాడు. చిన్నాయనకు ఇంకా సమ్మతం లేదు.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి మనం అడిగితే తప్ప సైట్ల పేర్లు రాసుకోదు. మిగతా చిన్న చిన్న సంగతులు రాసినా మామూలుగా తాత్కాలిక మెమరీలోనే. కరెంటు పోతే అవీ పోతాయి. కానీ ప్రకటనలు ఆపడానికి పై-హోల్ లాంటిది పెడితే అది మామూలుగానే చిట్టా రాసుకుంటుంది. సెట్టింగులలో ఆపుకోవాల.

మీ ఇంట్లో ఇట్లాంటిది కొనేటప్పుడు పోర్టులెన్ని, వాట్లెన్ని, ధరెంత అని అడుగుతారు. చిట్టా రాస్తుందా, దాని పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉంటుంది అనేవి కూడా అడగండి. మా ఇంట్లో అది ఒక కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టినాము. సెట్టింగులు ఎట్లా మార్చాలో ఈ ఆదివారం చెల్లికి నేర్పిస్తున్నాను.