వేగుచుక్క మీద పడ్డ బండి

వేగుచుక్క పొడిచే నెలల్లో ఒకసారి తెల్లవారుజామున లేచి చూడండి. భూపాలపల్లి కాకతీయ ఖని గనుల్లో రాత్రి షిఫ్టు ముగించుకుని పైకొచ్చేవాళ్లకూ, మానుకోట స్టేషన్‌లో మొదటి బండి కోసం నిలబడ్డవాళ్లకూ తూర్పున తళతళలాడేది ఆ చుక్కే, అంటే శుక్రగ్రహం. ఎంత చల్లగా కనిపిస్తుందో! నమ్మకండి. అక్కడ దిగిన తొలి యంత్రానికి తగిలిన వేడి 475 డిగ్రీలు.

అంత వేడంటే ఏమిటో జనగామ పక్కన పెంబర్తి పనివాళ్లకు చెబితే చిటికెలో అర్థమవుతుంది. 327 డిగ్రీలకు సీసం కరుగుతుంది, 420కి జింకు. శుక్రుడి మీద ఈ రెండూ కరిగి పారాల్సిందే. వాళ్లు కొట్టి బొమ్మలు తేల్చే ఇత్తడి రేకు మాత్రం నిలబడుతుంది.

ఇదంతా 1960ల్లో ఎవరికి తెలుసు? అక్కడ నీళ్లున్నాయేమోనని కూడా సోవియట్ ఇంజినీర్లకు అనుమానం. అందుకే 1967లో పంపిన వెనెరా-4కు ఒక గొళ్లెం చక్కెరతో చేశారు. నీళ్లలో పడితే చక్కెర కరగాలి, యాంటెన్నా విచ్చుకోవాలి! ఈ చక్కెర గొళ్లెం ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. పాపం, దాని అవసరమే రాలేదు. నేలకు దాదాపు 25 కిలోమీటర్ల పైనే బండి మూగబోయింది. మాస్కో మాత్రం మొదట నేల తాకిందనే చెప్పుకుంది లెండి. 1969లో వెళ్లిన వెనెరా-5, 6 కూడా కిందికి చేరకముందే ఒత్తిడికి నలిగిపోయాయి.

ఏడోదాన్ని టైటానియంతో గట్టిగా కట్టారు. 1970 డిసెంబరు 15న దిగుతుంటే పారాచూట్ దెబ్బతింది. సెకనుకు 16 మీటర్లకు పైగా వేగంతో నేలకు కొట్టుకుంది. సిగ్నల్ ఆగింది, పని అయిపోయిందనుకున్నారు. కొన్ని వారాలకు టేపులు మళ్లీ వింటుంటే ఆ రొదలో ఇంకో 23 నిమిషాల సిగ్నల్ దొరికింది. బలం మామూలులో నూటికో వంతు. బహుశా బండి పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. పైగా లోపల మీట ఇరుక్కుని ఉష్ణోగ్రత ఒక్కటే పంపింది. ఒత్తిడిని దాన్నుంచే లెక్కగట్టారు: మన గాలికి సుమారు 90 రెట్లు, అంటే సముద్రంలో 900 మీటర్ల లోతున ఉన్నంత. మరో గ్రహం నేల మీంచి మనకు అందిన మొదటి కబురు ఇదే, ఒరిగిపడ్డ బండి పంపింది.

అంగారకుడి మీద దిగిన కథ ఇంకా పొట్టిది. 1971 డిసెంబరు 2న సోవియట్ బండి మార్స్-3 మెత్తగానే దిగింది, ధూళి తుఫానులో 20 సెకన్లకే నోరు మూసుకుంది.

దెబ్బలు మనకూ తప్పలేదు. 2019 సెప్టెంబరులో మన ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దెబ్బతిన్నప్పుడు డబ్బు దండగన్నవాళ్లున్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఇక శుక్రుడి వంతు. 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ ఆ యాత్రకు ఒప్పుకుంది, 2028 మార్చిలో బయలుదేరాలి. అది చుట్టూ తిరిగి చూస్తుందే తప్ప దిగదు. దిగలేదేమని మాత్రం అప్పుడు సణగకండి.